జాకీ గురించి నీవు వ్రాసిన పుట

చిరంజీవి ప్రకాశానికి,

ఈ సంబోధన ఇప్పుడు తప్పే. అయినా తమ్ముడికి మరో విధంగా వ్రాయడం నాకు చేతకాదు.

నీవు పోయి నేటికి ఏడాది. మనం వండుకుని, పడుకుని తిరిగిన పాత మోటార్‌హోమ్‌ను ఈ ఉదయం ఇక్కడే గల్ఫ్‌లో, అల్ వుకైర్‌లో ఇంటి డ్రైవరుగా ఉన్న ఓబులేసుకు అమ్మేశాను. ప్రయాణాల్లో చేసిన మరమ్మతులన్నీ నీవు వ్రాసిపెట్టిన నోటుపుస్తకం సీటు కింద దొరికింది. ప్రతి సాయంత్రం దానిలోని భాషాదోషాలను నేను పంతులు అలవాటుతో ఎర్రసిరాతో దిద్ది మార్కులు వేసేవాణ్ణి కదా! ఓబులేసు అది చూసి నవ్వాడు.

"ఏం సార్, మెకానిక్కు తమ్మునికి గూడా మార్కులేసినారా?"

చివరి పుట దగ్గర అతని నవ్వు ఆగిపోయింది. "జాకీ నిలవట్లేదు, దిగిపోతంది. కొత్తది కొనేదాకా ఎవరూ బండి కింద దూరకూడదు" అని నీవు వ్రాశావు. దాని కింద నా ఎర్రసిరా: పదికి మూడు.

"అయితే మీరిది సదివినారు సార్."

పుస్తకం అతని చేతిలోంచి తీసుకున్నాను. ఆ మార్కులు వేసిన మరునాడు ఎడారి దారిలో పొగగొట్టం ఊడినప్పుడు, "సాకులు చెప్పక కిందికి దూరు" అన్నది నేనే. "సరే అన్నయ్యా" అని దూరావు. జాకీ జారింది. దాని లోపం నాకు తెలియదని పోలీసులకూ, నీ భార్య సువార్తకూ చెప్పాను.

"ఆయన చేతిరాత చూసుకుంటాను బావగారూ, ఆ పుస్తకం దొరికితే పంపండి" అని సువార్త ఏడాదిగా అడుగుతోంది. రేపు పంపుతున్నాను. చివరి పుటను బ్లేడుతో, అంచు కూడా మిగలకుండా కోశాను.

నీ అన్నయ్య