చెవిలో పెట్టుకున్న పాట

జూన్ 4

ప్రియమైన పిచ్చుక వాళ్ళ నాన్నకి,

ఈ ఉత్తరంతో పాటు వచ్చిన పొట్లం జాగ్రత్తగా విప్పండి. అగ్గిపెట్టె అనుకుని పక్కన పడేసేరు. అది పాటల డబ్బీ. చొక్కాకి తగిలించుకుని తీగలు చెవుల్లో పెట్టుకోవడమే. ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు పాడుతుందట. మిల్లు క్వార్టర్స్‌లో ఫోను సరిగా వినపడదని మీరే కదా ఉత్తరాలు రాయమన్నారు, దీనికి సిగ్నలుతో పనిలేదు.

మా దర్జీ షాపులో ఓనరమ్మ పొద్దున్నే రేడియో పెడుతుంది. అది మోగుతుంటే కాజాలు కుట్టే చెయ్యి దానంతటదే నడుస్తుంది. ఆరు రోజులు మగ్గాల హోరులో నిలబడి, ఏడో రోజు గోడ చూస్తూ కూర్చునే మనిషికి ఇలాంటిది ఒకటి ఉండాలనిపించింది.

మీకిష్టమైన పాటలు నూటపది ఎక్కించాను. అన్నిటికంటే ముందు మీ కూతురి గొంతు ఉంటుంది. తలుపేసుకుని రికార్డు చేసింది, నన్ను విననివ్వలేదు. వాడి చూసి మంచీ చెడూ రెండూ రాయండి.

మీ రాక కోసం ఎదురుచూసే,
కాజాల మనిషి

జూన్ 19

ప్రియమైన పిచ్చుక వాళ్ళ అమ్మకి,

పొట్లం అందింది. ముందు మంచి రాస్తాను. బరువన్నదే లేదు, ఒంటిమీద ఉందన్న సంగతే గుర్తుండదు. చెమటకి తడిసినా ఏం కాలేదు. ఇక చెడు. మీటలు మరీ చిన్నవి, మొరటు వేళ్ళకి దొరకవు. తెర లేదు, తర్వాత ఏ పాటో తెలీదు. అన్నిటికంటే పెద్ద చెడు, ఇది ఒక్కడికే పాడుతుంది. మనింట్లో రేడియో పెడితే ముగ్గురం వినేవాళ్ళం.

నా పక్క మంచం పెద్దాయన గురించి చెప్పాను కదా, మా మగ్గాలకి నూనె పోసే ఆయన. "నువ్వు తల ఊపుతుంటే మేం చూస్తూ కూర్చోవాలా" అని ఏడిపిస్తున్నాడు.

పిచ్చుక చాలా బాగా పాడింది. రోజూ వింటున్నానని చెప్పు.

ఇట్లు,
నీ మగ్గం మనిషి

జూలై 8

ప్రియమైన పిచ్చుక వాళ్ళ నాన్నకి,

మీ ఉత్తరం చదివి వినిపిస్తే పిచ్చుక మొహం చిన్నబోయింది. "నేను పాడలేదు కదమ్మా. నాన్నని ఒకటి అడిగాను" అంది. ఏమడిగావే అంటే చెప్పదు. ఆ పూట అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయింది.

అలసిపోయి వినలేదనుకోండి, వినలేదని రాస్తే సరిపోయేది. ఎనిమిదేళ్ళ పిల్లకి అబద్ధం చెప్పడం దేనికి?

రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. పోయిన సెలవులకి వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండీ లేనట్టే ఉన్నారు. నేను ఏం చెప్పినా ఊ అన్నారు. పొయ్యి దగ్గర నిలబడి ఓనరమ్మ నన్ను అన్న మాటలు చెప్పుకుని ఏడిస్తే, దానికీ ఊ అన్నారు. నామీద మనసు విరిగిందా? అయితే అదైనా చెప్పండి.

మీ
కాజాల మనిషి

ఆగస్టు 21

పిచ్చుక వాళ్ళ అమ్మకి,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ ఒక ఘోరం జరిగింది.

మధ్యాహ్నం భోజనాల వేళ మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. పెద్దాయన నా మగ్గం కింద దూరి నూనె పోస్తున్నాడు. నేను చూసుకోలేదు. మగ్గం నడిపే మీట మీద చెయ్యి వేశాను. "ఆగు, కింద నేనున్నాను" అని ఆయన అరిచాడట. హాలు అటు చివర కూర్చుని తింటున్నవాళ్ళకి కూడా వినపడిందట. నాకు వినపడలేదు. ఆయన కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి.

నా చెవుల్లో నీ డబ్బీ తీగలున్నాయి. సూపర్‌వైజరు వచ్చి వాటిని లాగి నేలకేసి కొట్టాడు. మిల్లులో ఇకమీద ఎవరూ అలాంటివి పెట్టుకోకూడదని గోడకి కాగితం అంటించారు. నన్ను పదిహేను రోజులు పని ఆపమన్నారు.

ఇంకేమీ రాయలేను.

నీ మగ్గం మనిషి

ఆగస్టు 29

ప్రియమైన మీకు,

ఉత్తరం షాపులోనే చదివాను. ఓనరమ్మ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది.

ఆ డబ్బీ కొన్నది నేను. పాటలు ఎక్కించింది నేను. మీరు అడగనైనా లేదు. నేను పంపకపోతే ఆయన కేక మీకు వినపడేది, ఆయన చెయ్యి ఆయనకి ఉండేది. సూది పట్టుకుంటే నా వేళ్ళు నాకు కనపడుతున్నాయి, ఆయన వేళ్ళు గుర్తొస్తున్నాయి. నాలుగు రోజులుగా ఒక్క కాజా కుదురుగా కుట్టలేదు.

ఆయన దగ్గరికి వెళ్ళి తప్పు నా భార్యదని చెప్పండి. మీరు చెప్పకపోతే నేనే పిచ్చుకని తీసుకుని వచ్చి ఆయన కాళ్ళ మీద పడతాను.

మీ
కాజాల మనిషి

సెప్టెంబర్ 7

ప్రియమైన నీకు,

నువ్వు రావద్దు. ఎవరి కాళ్ళ మీదా పడొద్దు. నువ్వు పంపినదాని తప్పు ఏమీ లేదు. ఆ రోజు అందులో పాట లేదు. ఏ రోజూ లేదు.

నాకు చెవులు వినపడవు. ఎడమది పోయి మూడేళ్ళు, కుడిది ఈ ఏడాదిలో పోయింది. పద్నాలుగేళ్ళ మగ్గాల హోరు తినేసిందని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఫోనులో నీ గొంతు తెలియకే ఉత్తరాలు రాయమన్నాను. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి చాలావరకు పట్టుకుంటాను. పొయ్యి వైపు తిరిగి నువ్వు ఏడిచావని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నామీద కోపం వస్తే రానీ, మనసు విరగడం మాత్రం లేదు.

డబ్బీ వచ్చిన రోజు చెవిలో పెట్టుకుంటే ఏమీ వినపడలేదు. పాడైంది డబ్బీయేనేమోనన్న ఆశతో పెద్దాయన చెవిలో పెట్టాను. ఆయన వింటూ నవ్వాడు. పిల్ల పాట పాడి ఉంటుందనుకుని నీకు అలా రాశాను.

ఆ తర్వాత దాని అసలు లాభం నాకు తెలిసొచ్చింది. తీగలు చెవిలో ఉంటే, పిలిచినా పలక్కపోతే పాటల్లో ఉన్నాడంటారు. చెవిటివాడనరు. పని పోదు. అందుకే రోజంతా పెట్టుకున్నాను, చార్జింగ్ కూడా పెట్టలేదు. ప్రమాదం జరిగాక అందరూ డబ్బీని తిట్టారు, నేను నోరు మూసుకున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా అలాగే ఉన్నాను. ఆ నేరం నువ్వు మోస్తున్నావని చదివాక ఉండలేకపోయాను.

మొన్న ఆస్పత్రికి వెళ్ళి పెద్దాయనకి అంతా చెప్పాను. ఆయన నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని, పిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "నీ కూతురు పాడలేదయ్యా. నాన్నా, నేను పిలిస్తే పలకవేం, నామీద కోపమా, అని అడిగింది. నేనేమో ముద్దుగా అడిగిందని నవ్వుకున్నాను. ఆ రోజే నాకు వెలగాల్సింది."

పిచ్చుకకి నా మాటగా చెప్పు. నాన్నకి కోపం ఎప్పుడూ లేదని చెప్పు. మిగతాది నేను వచ్చి చెబుతాను.

నిన్న మేనేజరుకి కూడా చెప్పేశాను. వచ్చే నెలనుంచి నాకు ఇక్కడ పని లేదు. అయినా వెంటనే బయల్దేరలేను. పెద్దాయన కొడుకు దూరం నుంచి రావాలి, మరో వారం పడుతుందట. ఎడమచేత్తో తినడం ఆయనకింకా రాలేదు. పూటపూటకీ వెళ్ళి నేనే తినిపిస్తున్నాను. మొదటి రోజు మొహం తిప్పుకున్నాడు. ఇప్పుడు తింటున్నాడు. మధ్యమధ్యలో ఏదో చెబుతాడు, పూర్తిగా అర్థం కాదు. మాట ఆపి ఆయన నోరు తెరిచేదాకా, చెంచా పట్టుకుని ఆయన మొహమే చూస్తూ కూర్చుంటాను.

నీ
మగ్గం మనిషి