గుండీ కట్టిన సీసా

ఏమండీ,

ఆలస్యమైంది, కోప్పడకండి. జవాబు రాద్దామని ఫోన్ తీస్తాను, ఎవరో ఒకరు "ఓ నారింజ సోడా" అంటారు, మళ్లీ గల్లాపెట్టె మీద పెట్టేస్తాను. ఇక్కడ నేనూ మన చిన్నదీ బాగానే ఉన్నాం. మీరూ ఆ వంతెన పనిలో పడి వేళకి తినడం మానలేదనే అనుకుంటున్నాను.

అడిగినవాటికి చెప్తాను. కొట్టు పైరేకు బాగుచేయించాను. చిన్నది లెక్కల్లో గట్టెక్కింది, మీ పోలిక రాలేదు లెండి. ఫ్రిజ్ మూలుగుతోంది గానీ పనిచేస్తోంది.

నేను పంపిన ఫొటోలో ఫ్రిజ్ పై అరలో ఉన్నవి అత్తరు సీసాలు కావు మహానుభావా, ఇన్సులిన్! వీధిలో సగం మందికి షుగరే. ఈ ఎండలకి బయటపెడితే మందు పాడవుతుందట, ఇళ్లల్లో ఫ్రిజ్‌లు లేవు. అందుకే మన దగ్గర పెట్టుకుంటున్నారు. కలిసిపోకుండా గుర్తులు కట్టాం. దర్జీ అన్నయ్యదానికి ఎర్రదారం, ఆటో బాబాయిదానికి రబ్బరుబ్యాండు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యను. మొన్న అలాగే పోయినప్పుడు ఒకాయన "డబ్బులిస్తానంటే సోడా ఇవ్వవేంటమ్మా" అని గొడవ. దర్జీ అన్నయ్య మిషను దగ్గర్నుంచే అరిచాడు, "జబ్బూ ఆవిడే అమ్ముద్ది, మందూ ఆవిడే దాస్తది. నువ్వు నీళ్లు తాగి పోవయ్యా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఎక్కడో గుచ్చుకుంది.

ఒక సీసాకి గుండీ ఏంటని అడిగారు కదా. అది నాదండీ.

పైన బాగానే ఉన్నాం అన్నది చిన్నదాని వరకే నిజం. ఈ వేసవంతా ఒకటే దాహం. ఎండే కదా అనుకుని, చేతికందుతోంది కదా అని తియ్యటి సోడా మీద సోడా తాగాను. తాగేకొద్దీ దాహం. చిన్నది "సన్నబడ్డావే అమ్మా" అంటే మురిసిపోయాను కూడా. చివరికి కళ్లు మసకేసి నిమ్మ అడిగినాయనకి నారింజ ఇచ్చేస్తే, దర్జీ అన్నయ్యే ఆసుపత్రికి లాక్కెళ్లాడు. షుగర్ ఎంతుందో రాయను, కంగారుపడతారు. చిన్నదానికీ పరీక్ష చేయించాను, లేదన్నారు. మీరూ చేయించుకోండి. దాహమేస్తే ఎండే అనుకోకండి.

సూది నేనే వేసుకుంటున్నాను, పొద్దున్నే, షట్టరెత్తకముందు. మొదటిసారి సూది మూత తీసి, మళ్లీ పెట్టేసి, మళ్లీ తీశాను. మీరుంటే ఏదో ఒకటి వాగి నవ్వించేవారు కదా, ఆ వాగుడు కోసం ప్రాణం కొట్టుకుంది. సీసాకి గుర్తేం కట్టాలా అని చూస్తే, కొక్కేనికి మీ నీలం చొక్కా. పై గుండీ తెంపేశాను. ఫ్రిజ్ తీసినప్పుడల్లా చల్లగా వేలికి తగులుతోంది.

చొక్కా మెడ దగ్గర తెరుచుకునే ఉంది. మీరొచ్చే రోజు చెబితే ఆ గుండీ కుట్టేసి పెడతాను, నా సీసాకి ఇంకేదైనా కట్టుకుంటాను. ఎప్పుడొస్తున్నారు?

ఇట్లు,
మీ ఇంటావిడ