సెనేటరు గారు పుట్టిన ఇంటి కప్పులో చిల్లు

హాలొవే కౌంటీ కమిషనరు గారి సముఖమునకు,
ఇండియానా రాష్ట్రం, 1884 అక్టోబరు 11.

అయ్యా,

విషయం: మేము కాపురముంటున్న దుంగల ఇంటి కప్పు బాగుచేసుకొనుటకు అనుమతి కోరుట గురించి.

రంపపు మిల్లు కూలీ ఆరిన్ టటిల్ వ్రాసుకొను విన్నపము. ఇది మూడవది. మొదటి రెంటికీ జవాబు లేదు.

1. సదరు ఇల్లు కౌంటీ స్థలంలో ఉన్నందున, అది సెనేటర్ ప్రాథర్ గారు పుట్టిన ఇల్లనియు, దానిని ఉన్నదున్నట్టు కాపాడవలెననియు తమరు ఉత్తరువిచ్చి తలుపు మీద బోర్డు కొట్టించినారు.

2. ఆయన ఇక్కడ పుట్టలేదు. పన్నెండో ఏట ఒహాయో నుంచి తండ్రితో, పియానోతో సహా పడవ దిగారు. ఆ పియానో మోసింది మా తాత. ఆ తర్వాత రెండేళ్ళకు ఈ ఇల్లు కట్టిందీ మా తాతే.

3. వకీలుగా ఉన్నన్నాళ్ళు ఆయనకు పుట్టిన ఇంటి ఊసే లేదు. శాసనసభకు నిలబడ్డప్పుడు దుంగల ఇల్లన్నారు. సెనేటుకు నిలబడ్డప్పుడు దానికి మట్టినేల అన్నారు. మొన్న మార్చి గాలివానకు మా కప్పుకు చిల్లు పడింది. అది చూసిపోయి, ఈసారి గవర్నరు పదవికి నిలబడి, ఉపన్యాసంలో ఆ చిల్లులోంచి తన ఉయ్యాలలో మంచు పడేదని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆయన గెలిచిన కొద్దీ ఈ ఇల్లు చితికిపోతోంది. అందులో ఉంటున్నది మేము.

4. నేను చెక్క పలకలు కోసి తెచ్చుకుంటే ఆయన మనుషులు నిచ్చెన లాగేశారు. "ఉపన్యాసంలో చిల్లుంది. కరపత్రంలో బొమ్మ కూడా వేశాం. నువ్వెట్లా పూడుస్తావురా?" అన్నారు.

5. పోయిన మంగళవారం ఆయనే పది బగ్గీలతో వచ్చి, చిల్లు చూసి టోపీ తీశారు. మా అమ్మ లవీనా మంచం మీంచే, "తమరు పుట్టింది ఇక్కడ కాదు కదా, పూడ్చుకోనివ్వండి" అని ఆయన్ని అడిగింది.

"ఎక్కడ పుడితేనేం తల్లీ, నేనున్నది మీ గుండెల్లో. ఓట్లు పడేదాకా ఓర్చుకో."

"మా గుండెల్లో ఉన్నది దగ్గు, నాయనా."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అమ్మకు దగ్గులో రక్తం పడుతోంది.

ఓట్లు నవంబరు నాలుగున. మంచు అందాకా ఆగదు. మంచం జరపడానికి పొడి చోటు లేదు. ఆయన ఓడిపోవాలని నేను అడగడం లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ పుట్టమనండి. చెప్పి చెప్పి అలిసిపోయాను. కావున చిల్లు పూడ్చుకొనుటకు మాత్రము అనుమతి దయచేసి, మా అమ్మ బ్రతికి ఉండగానే ఈ విన్నపము చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆరిన్ టటిల్

తా.క.: ఇది రాస్తుండగానే వాన మొదలైంది. అమ్మ ముఖం మీద పడుతోంది. నేను కప్పెక్కుతున్నాను. వద్దనేవారు ముందు ఆ మంచం మీద కాసేపు పడుకొని, ఆ తర్వాత నన్ను దిగమనవలెను.