ఖాళీ బండి వణుకు

శుక్రవారం, అన్నం తిన్నాక

ఇవాళ జీపు వణుకుకు కారణం దొరికింది. పాత పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్‌ది వేయించినప్పటి నుంచి, యాభై దాటితే చాలు, సీట్ల కింద గడగడ. ఆ వేగంలో పోతూ న్యూట్రల్‌లో పెట్టినా వణుకు తగ్గలేదు, అంటే తప్పు ఇంజన్‌ది కాదు. మా బాపు మాత్రం ఆ ఇంజన్ పీకేయమనే అంటున్నాడు.

దారి చూపింది మా ఆవిడ. "సంతకు గొర్లతోని పోయేటప్పుడు మంచిగనే పోతది. అమ్ముకొని ఖాళీగ వచ్చేటప్పుడే ఊగుతది, చూసినవా?" అంది.

నిజమే. కొత్త ఇంజన్, గేర్‌బాక్స్ ఎత్తుగా కూర్చున్నాయి, అక్కడి నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్ బాగా వాలిపోయింది. గొర్రెల బరువుకు బండి దిగితేనే అది తిన్నగా అవుతోంది. గేర్‌బాక్స్ కింద ఎత్తు కోసం పెట్టిన ఇనుప బిళ్లలు తీసి పలచనివి వేశాను.

సాయంత్రం నార్కట్‌పల్లి రోడ్డు మీద ఖాళీ జీపు డెబ్బైలో పోయినా చప్పుడు లేదు. పక్కన బాపు నిద్రపోయాడు. లేచి, "ఇంజన్ మంచిదేరా" అన్నాడు, తానే ఎంచి తెచ్చినట్టు.

కానీ రేపు సంత. గొర్రెలెక్కాక బండి ఇంకా దిగి, వాలు ఉల్టా అయితే నిండు బండి వణుకుతుందేమో... ఆ మాటే చెబితే మా ఆవిడ నవ్వింది.

"గట్లయితే వచ్చేటప్పుడన్న సుఖంగ వస్తం తియ్."

పోయేటప్పుడు మాత్రం బాపును బస్సెక్కించాలి.