రొట్టె, ద్రాక్షపళ్ళు, నా కుడిచెయ్యి

రూతక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ కబురు ముందు నీకే చెప్పాలనిపించింది.

రంజాన్ ముందు మన హాస్పిటల్ మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక బొటనవేలూ చూపుడువేలూ కలిసేవి కావు. సూది పట్టుకోలేని నర్సుకి ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా ఎవరు రెన్యూ చేయిస్తారు? రియాద్ వదిలి వెళ్ళిపోవాల్సిందే అనుకున్నాను. "చిన్న చిన్న వస్తువులు ఏరుతూ ఉండు" అంది ఫిజియోథెరపిస్టు.

అప్పుడు మన గదిలో నీ మంచం కింద ఉన్న పజిల్ డబ్బా గుర్తొచ్చింది. ముక్కలన్నీ కలిపితే ఎవరో పాతకాలం చిత్రకారుడు గీసిన యేసు ప్రభువు విందు బల్ల వస్తుంది. రొట్టె, ద్రాక్షపళ్ళు, వెండి గిన్నె, అంతే. "మనుషుల్లేరేంటక్కా?" అని నేనడిగితే, "మనం కూర్చోడానికేనే ఖాళీగా ఉంచింది" అన్నావు. చర్చి లేని ఊళ్ళో శుక్రవారం సెలవుల్లో తలుపేసుకుని ప్రార్థన చేసుకున్నాక, ఇద్దరం ఆ ముక్కలే ముందేసుకునేవాళ్ళం.

మొదట్లో ఒక్క ముక్కా వేళ్ళ మధ్య నిలవలేదు. రొట్టె అంచు కలిపేసరికి ఏడుపొచ్చింది. ద్రాక్షగుత్తి దగ్గరికి వచ్చేసరికి ముక్కల్ని వేళ్ళతోనే తిప్పి పెట్టేస్తున్నాను. నిన్న గిన్నె కూడా పూర్తయింది.

ఈ ఉదయం వార్డులో ఒక ముసలావిడకి సెలైన్ పెట్టమన్నారు. నరం చాలా సన్నగా ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సూది పట్టుకున్నాను. ఒక్కసారికే ఎక్కింది. ఆవిడ మాత్రం ఇంకా కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది.

"ఎప్పుడు గుచ్చుతావమ్మా?" అని అరబ్బీలో అడిగింది.

"ఖలాస్ అమ్మా, అయిపోయింది" అన్నాను.

నీ సుగుణ