నా మాటలకు వచ్చిన టిఫిన్ డబ్బా

మంగళవారం, రాత్రి

జీడిమెట్ల డ్యూటీ నుంచి వస్తూ ఆయన కొత్త స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చాడు.

"నీ ఫోన్‌ల ఒక యాప్ ఏసిన. నువ్వు మాట్లాడేదంత కంపెనోళ్లకు పోతది, మనకు పాయింట్లొస్తయి. గా పాయింట్లకే ఇచ్చిండ్రు."

అత్తమ్మ నవ్వింది. "మా ముంగట నోరిప్పదు గానీ, మస్తు సంపాదించిందిరా నీ పెండ్లాం."

నేను మనసు విప్పేది ఫోన్‌లో అమ్మతోనే, బట్టలు ఆరేసే వంకతో మేడ మీదికి వెళ్లి. మొన్న గర్భం పోయినప్పుడు ఏడ్చిందీ అక్కడే. అదీ విన్నారా అని ఆయన్ను అడిగాను.

"ఇంటే ఇంటరు. తెల్వనోళ్లే గద, నీకేంది?"

డబ్బాను రెండుసార్లు తోమినా ముట్టుకోవాలంటే అసహ్యంగానే ఉంది. పొద్దున అందులోనే ఆయనకు అన్నం పెట్టాలి.

ఇందాక అమ్మ ఫోన్ చేసింది. బాగున్నానని చెప్పి పెట్టేశాను...