బావగారు దాచుకున్న మెకానిక్

గద్వాల

బావకు, నీ బావమరిది రాఘవేందర్ దండం పెట్టి రాసేది.

ఇక్కడ మగ్గాలు మంచిగనే ఆడుతున్నయి, బండే ఆడుతలేదు. ఫోన్ల అడుగుదామంటే "ముఖ్యమైన సంగతులు కాగితం మీద అడగవలె" అని పెట్టేస్తివి. అందుకే రాస్తున్న.

నా ట్రాలీ ఆటో సంగతి అక్క చెప్పే ఉంటది. మొన్న చీరల మూటలేసుకొని నాగర్‌కర్నూల్ పోతుంటే పెబ్బేరు దాటినంక ఆగిపోయింది. అంతకుముందు ఒకాయనకు బ్రేకు చూడుమని ఇస్తే బ్రేకు మంచిగ చేసిండు, ఇంజన్ ఖరాబ్ చేసిండు. ఇంజన్ చూడుమని ఇంకొకాయనకిస్తే హారన్ మాయమైంది. అడిగితే "నీ బండి చప్పుడే గంత ఉంటే హారన్ ఎందుకన్నా" అంటడు.

నాగర్‌కర్నూల్ల మా చీరలు కొనే దుకాణం సేటు ఒక్కటే మాట అన్నడు. దసరా సరుకు ఆలస్యమైతే వచ్చే ఏటికి వేరే మగ్గాలు చూసుకుంటడట. మా ఇంటి బతుకంత ఆ దుకాణం మీదనే ఉన్నదని నీకు తెల్వంది కాదు.

నా పెండ్లికి నువ్వు వచ్చిన స్కూటరే ఇప్పటికీ నడుపుతున్నవ్. కిక్కు కొడితే చాలు, లగెత్తుతది. నీ మెకానిక్ ఎవరు బావా? జర పేరు చెప్పు, చాలు.

నీ జవాబు కోసం రోడ్డు మీద నిలబడ్డ
రాఘవేందర్

తా.క.: అక్కనడిగిన. "మీ బావ సందూక తాళంచెవి నా చేతుల పెట్టిండు గాని మెకానిక్ పేరు మాత్రం నాక్కూడ చెప్పలే" అన్నది.

*

వనపర్తి

చిరంజీవి రాఘవేందర్‌కు, నీ బావ ధర్మయ్య శుభాశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరము చదివి మనస్సు ద్రవించినది. రథచక్రము భూమిలో దిగబడిన వేళ కర్ణుడెంత దుఃఖించెనో పురాణ కాలక్షేపములో చెప్పి, శ్రోతల చేత అనేక పర్యాయములు కన్నీరు పెట్టించినవాడను. అయితే అంతటి ఆపదలో కూడ కర్ణుడు పక్కవాని మెకానిక్కును అడుగలేదని గమనింపుము.

నాకొక మెకానిక్కు ఉన్నమాట సత్యమే. ఆయన నా బండిని నా యెదుట విప్పడు. "రేపు రండి సార్" అని లోపలికి తోసికొనిపోయి, మరునాడు అప్పగించును. విద్య గుహ్యముగా ఉండవలెనని ఎరిగిన సాధకుడు. నేను కూడ ప్రతి శుక్రవారము స్కూటరునకు పసుపునీటితో అభిషేకము చేయుచున్నాను. మా ఉభయుల తపస్సు వలననే దానికి ఇంత ఆయుష్షు. దసరానాడు ఆయన షెడ్డులో ఆయుధపూజకు మంత్రము చెప్పువాడను నేను. తొలి నిమ్మకాయ నలుగునది నా చక్రము క్రిందనే. పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టు మీద దాచిరి గాని, ఏ కొమ్మ మీద దాచిరో బావమరదులకు ఉత్తరములు వ్రాయలేదు.

ఆయన కొత్త బండ్లు పట్టడు. నేను అడుగలేదు, అడుగకయే గ్రహించితిని.

అయినను నిన్ను వట్టిచేతులతో పంపను. పెద్దమందడిలో బస్సు మలుపు వద్ద ఒక రేకుల షెడ్డు కలదు. అందులోని నిపుణుడు అసాధ్యుడు. ఈ సంగతి బస్సు కిటికీలోనుండి చూచి నిశ్చయించుకొంటిని. వెంటనే పొమ్ము.

నీ మేలు తప్ప అన్యమెరుగని
ధర్మయ్య

తా.క.: పెద్దమందడికి వనపర్తి మీదుగా పోవలసిన పని లేదు. కొత్తకోట వైపు నుండి పొమ్ము. అటు ఎండ తక్కువ.

*

గద్వాల

బావకు, సంతోషంతోని రాఘవేందర్ రాసేది.

నీ నోట్ల చక్కెర పొయ్య బావా. పెద్దమందడి పొయ్యొచ్చిన.

మొదలు షెడ్డు చూసి నిన్ను మనసుల తిట్టుకున్న. బయట టైర్లు లేని ట్రాక్టర్, దాని సీటు మీద కోడి. లోపలికెళ్లి ఒకామె బయటికొచ్చింది, కొంగు నడుముకు బిగిచ్చుకొని, మోచేతుల దాంక గ్రీజు. "ఉస్తాద్ లేడా అమ్మా" అంటే "నీ ఎదురుంగ ఉన్నది ఎవరనుకుంటున్నవ్, గోడనా?" అన్నది. పేరు బాలనాగమ్మ. వాళ్ల నాయిన దగ్గర నేర్చిందట. తెలిసినోళ్ల మాట లేంది ఎవ్వరి బండి ముట్టదట. నేను చెప్పాల్సింది చెప్పిన, ముట్టింది.

స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికానిచ్చుకొని కండ్లు మూసుకున్నది, దవాఖానల డాక్టరమ్మ లెక్క. నా ముందలనే విప్పింది, నా ముందలనే బిగిచ్చింది, తీసేసిన పాత సామాను నా చేతుల పెట్టింది. "మల్ల ఎవడన్న ఇది మార్చాలె అంటే, మార్చిన్రని చెప్పు" అన్నది. బండి ఇప్పుడు నేను చెప్పకముందే ఉరుకుతుంది.

షెడ్డుల ఒక మూలకు పాత స్కూటర్ ఉండె. వనపర్తిదట, మాటిమాటికి వస్తదట. "దీనికేం రోగం లేదన్నా, దీని ఓనరే దీని రోగం. తానం పోసి పోసి సంపుతుండు. ప్లగ్గు తీస్తే నీళ్లు" అని నవ్వింది. నేను గూడ నవ్విన.

నీ మేలు మరువని
రాఘవేందర్

తా.క.: ఆ స్కూటర్ ఓనర్ ఎవరో నీకేమన్న ఎరుకనా? వనపర్తిల నీకు తెల్వనోళ్లు లేరు గద.

*

వనపర్తి

చిరంజీవి రాఘవేందర్‌కు, ధర్మయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చదివి ఆనందించితిని. రెండవమారు చదివినప్పుడు ఆనందము కొంత తగ్గినది.

స్త్రీలు రథవిద్య ఎరుగుట కొత్త కాదు. దశరథుని రథపు సీల ఊడినప్పుడు కైకేయి తన వ్రేలు దూర్చి నిలిపినది. కాని ఊడిన సీలను భర్త చేతిలో పెట్టి చూపినట్లు నేనెన్నడును చెప్పలేదు, వినలేదు. ఈమె ఎందుకు పెట్టినది? నీ చేతిలోనే ఎందుకు పెట్టినది?

మొన్న నా మెకానిక్కును అడిగితిని, "నాయనా, ఒకమారు నా యెదుట విప్పుము" అని. తువాలుతో ముఖము తుడుచుకొని "మీరు సూస్తుంటే నాకు చేతులాడయి సార్" అన్నాడు. పాత సామాను ఇమ్మంటిని. "మీ బండిల అంత పాతదే గద సార్, ఏదని ఇయ్యాలె?" అన్నాడు. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి వినుమంటిని. ఆనించినాడు. అయితే ఇంజను ఆపి ఆనించినాడు. నాటి నుండి నాకు అన్నము రుచించుట లేదు. మీ అక్క కౌసల్య మాత్రము వంకాయకూర మిగిలినందుకు నన్నే అనుచున్నది.

ఇక ఆ స్కూటరు యజమాని ఎవడో పరమ మూర్ఖుడు. స్నానము వేరు, అభిషేకము వేరు. యంత్రమునకు స్నానము చేయించు అజ్ఞాని మా ఊరివాడని వినుటకే సిగ్గుగా ఉన్నది. పేరు కనుక్కొని వ్రాయుము. వచ్చే పురాణములో పేరెత్తకుండ నాలుగు మాటలందును.

నీ సుఖమును కోరుచు, కొంత ఆలోచించుచు,
ధర్మయ్య

తా.క.: ఆమె తొలి నిమ్మకాయ ఎవరి బండికి పెట్టునో తెలిసికొనుము. నా కొరకు కాదు, కేవలము జ్ఞానము కొరకు.

*

గద్వాల

బావకు, తీరిక లేక రాఘవేందర్ రెండు మాటలే రాసేది.

దసరా సరుకు సగం నాగర్‌కర్నూల్ చేరింది. మిగిలింది మోస్తున్న. ముందుజాగ్రత్తకని బండి ఇంకోపారి పెద్దమందడిల చూపిస్త.

మొన్న అటు పోయినప్పుడు నిమ్మకాయ సంగతి అడిగిన. ఈ ఏడు తొలి నిమ్మకాయ నా ట్రాలీకే అన్నది. నాకు పెట్టుమని నేను అడగకముందే అన్నది. నీకు జ్ఞానం కావాలంటివి గద, అందుకే రాస్తున్న.

నీ దయతోని బండెక్కిన
రాఘవేందర్

తా.క.: ఆ స్కూటర్ ఓనర్‌ను నువ్వు మూర్ఖుడన్నవని బాలనాగమ్మకు చెప్పిన. పానా కింద పడేసి, పొట్ట పట్టుకొని నవ్వింది.

*

వనపర్తి

రాఘవేందర్‌కు, ధర్మయ్య వ్రాయునది. చిరంజీవి అను మాట మరచి విడువలేదు.

నా స్కూటరును మెకానిక్కు వద్ద విడిచి, ఊరకుండలేక, బస్సెక్కి పెద్దమందడి పోతిని. నీ బాలనాగమ్మను చూడవలెనని కాదు. గాలి మార్పు కొరకు.

షెడ్డు ముందు నీ ట్రాలీ. షెడ్డులో నా స్కూటరు. ముందుభాగమున "పురాణం ధర్మయ్య" అని నేనే వ్రాయించిన అక్షరములు నన్నే చూచుచున్నవి. దాని పక్కన నేలమీద కూర్చుండి, ఆమెకు పానాలందించుచున్నవాడు నా మద్దిలేటి. పేరు కూడ వ్రాసివేసితిని. ఇక దాచి ఫలమేమి?

నాకు సర్వము బోధపడినది. నీవు రహస్యముగా వనపర్తిలో తిరిగి, మద్దిలేటిని కనుగొని, తీపి మాటలతో లొంగదీసి, నా బండితో సహా ఆ షెడ్డుకు తరలించితివి. విరాటుని ఆవులను కౌరవులు తోలుకొనిపోయిన కథ చెప్పునప్పుడెల్ల దుర్యోధనుడు ఎట్లుండునో అనుకొనువాడను. గద్వాల చీరల మూటల మీద కూర్చుండునని ఎరుగనైతిని.

ఇన్నేండ్లు నా చక్రము క్రింద నలిగిన నిమ్మకాయ నీకు పోయినది. మద్దిలేటి పోయినాడు. నేను లోపలికి పోలేదు. చెరుకురసము బండి చాటున నిలిచి, చూడగలిగినంత చూచి, మరలి వచ్చితిని. మీ అక్క ముఖము చూచి ఊరకుంటిని.

ఇట్లు,
ఒకప్పటి నీ బావ

తా.క.: అక్కడి చెరుకురసము బాగున్నది. ఆ మాట ఎవరికిని చెప్పకుము.

*

గద్వాల

ఎప్పటికీ నా బావే అయిన బావకు, ఇంకా చిరంజీవిగనే ఉన్న రాఘవేందర్ రాసేది.

కోపం పక్కకు పెట్టి చదువు. మద్దిలేటిని నేను గుంజుకపోలే. ఆయన బాలనాగమ్మ మొగుడు.

ఆయనకు మాట వచ్చు, పానా రాదు. ఆమెకు పానా వచ్చు, వచ్చినోళ్లతోని మాట్లాడే ఓపిక లేదు. అందుకే ఆయన వనపర్తిల షెడ్డు పెట్టి బండ్లు తీసుకుంటడు, ఎక్కి పెద్దమందడి తెస్తడు, ఆమె చేసిస్తది. ఇన్నేండ్లు నీ స్కూటర్ అక్కడికే వస్తుంది. తానం పోసే మనిషి ఎవరో ఇప్పుడన్న ఎరుకైందా? పసుపు నీళ్లయినా ప్లగ్గుకు నీళ్లే బావా.

నువ్వు నన్ను ఎటో తోలేద్దామనుకున్నవని నీ ఉత్తరం చదివిన నాడే సమజైంది. బస్సు కిటికీలకెళ్లి మెకానిక్‌ను ఎవరు చూస్తరు? అయినా గత్యంతరం లేక పోయిన. "ఎవరు పంపిన్రు" అని ఆమె నన్ను ఎండల నిలబెట్టింది. నీ పేరు చెప్పిన. అంతే, చేతులు కడుక్కొని చెంబుతోని మంచినీళ్లు తెచ్చింది. ఏమన్నదో తెలుసా? "పురాణం సారు పంపిండా? ఇన్నేండ్లల సారు ఒక్కరిని పంపలే. అందరూ ఊర్లోళ్లనంత తోలుతరు. ఆయన పంపిండంటే నువ్వు ఉత్త మనిషివి కావు, తే బండి" అన్నది.

నువ్వు కుళ్లుకొని ఎవ్వరికీ చెప్పనందుకే నీ మాటకు అంత విలువున్నది బావా. నన్ను వదిలిచ్చుకుందామని పంపితివి, నా ఇల్లు నిలబడ్డది. సరుకంత చేరింది. వచ్చే ఏటికి గూడ మన మగ్గాలే అన్నడు సేటు.

ఈ దసరాకు రెండు షెడ్ల ఆయుధపూజ పెద్దమందడిలనే. మంత్రం నువ్వే చెప్పాలంట. తొలి నిమ్మకాయ నీ స్కూటర్‌కే పెట్టుమని నేనే అడిగిన. ఒప్పుకున్నది, కాని పసుపునీళ్ల చెంబు ఇంట్ల పెట్టి రమ్మన్నది. నేను జమ్మి పట్టుకొని వస్త. చేతులపెట్టి కాళ్లు మొక్కుత, అప్పుడన్న చిరంజీవి అను.

నీ స్కూటర్ తోని సమానంగ నిన్ను చూసుకునే
రాఘవేందర్

తా.క.: చెరుకురసం బండాయన నిన్ను గుర్తువట్టిండు. "పురాణం సారు నా బండెనుక దాక్కొని గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే ఆయనకేమన్న ఉపవాసమేమో అనుకున్న" అన్నడు.

ఇంకో తా.క.: సేటు కారు గూడ ఖరాబైందట. "నీ బండి గింత మంచిగ నడుస్తుంది, నీ మెకానిక్ ఎవరు రాఘవేందర్" అని అడిగిండు. అమ్రాబాద్ దిక్కు ఒక షెడ్డున్నదని చెప్పిన. అటు ఎండ తక్కువ.